రెండు సంబంధాలు - ఒక పుట్టిల్లు

హాకీ అంటే మనకి తెలిసిందల్లా పచ్చగడ్డి మైదానం, ధ్యాన్‌చంద్, ఒకప్పటి ఒలింపిక్ బంగారు పతకాలూను. గడ్డి మాట దేవుడెరుగు, నెలల తరబడి నేలే కనిపించని దేశాల్లో ఇంకో హాకీ వుంది. గడ్డకట్టిన మంచు మీద, అడుగున ఇనప అంచులున్న బూట్లు వేసుకుని జారుతూ ఆడతారు. బంతి వుండదు. మూడంగుళాల నల్ల రబ్బరు బిళ్ళని కర్రలతో తరుముతారు. జట్టుకి ఆరుగురు. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు విడతలు. అవతలివాణ్ణి భుజంతో గుద్ది గోడకేసి అదమడం అందులో నేరం కాదు, ఆటే! ముందుపళ్ళు అన్నీ వున్నవాడు ఇంకా ఆట సరిగ్గా నేర్చుకోలేదని అక్కడ వేళాకోళం.

ఆటల పేజీ రాగానే కాగితం తిప్పేసే మనిషిని నేను. ఈ మంచు హాకీ చరిత్ర మాత్రం చేతికి చిక్కాక వదలబుద్ధి కాలేదు. ఎందుకంటారా? ఇందులో గోల్స్ కన్నా సంబంధాల గొడవ ఎక్కువ.

స్వీడన్‌లోనో, ఫిన్‌లాండ్‌లోనో, చెక్, స్లొవాక్ దేశాల్లోనో ఒక కుర్రాడు బాగా ఆడుతున్నాడని పేరొచ్చిందంటే వాడి గుమ్మంలోకి రెండు సంబంధాలు వస్తాయి. పడమటి నుంచి వచ్చేది అమెరికా, కెనడాల నేషనల్ హాకీ లీగ్. 1917లో మాంట్రియల్‌లో పుట్టిన పాత ఇల్లు. ఇప్పుడు 32 జట్ల ఉమ్మడి సంసారం. తూర్పు నుంచి వచ్చేది రష్యావారి కాంటినెంటల్ హాకీ లీగ్. 2008లో వెలిసిన కొత్త ఇల్లు. కాని గ్యాసూ, చమురూ అమ్మిన డబ్బు వెనక దండిగా వున్న ఇల్లు. కుర్రాడు ఎటు వెళతాడు?

“ఎక్కువ డబ్బు ఎటుంటే అటు” అనేస్తారు ఎవర్నడిగినా. సంబంధాలు అంత తేలిగ్గా తేలేవే అయితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అన్ని రాత్రుళ్ళు దీపం ఆర్పకుండా కూర్చుని మాట్లాడుకోవడం దేనికి? జీతం అడుగుతాం, అబద్ధమెందుకు! ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగే మాట ఇంకొకటి వుంటుంది - “పిల్లని పుట్టింటికి పంపుతారా?” యాభై ఏళ్ళ ఈ ఆటగాళ్ళ కథలు చదివాక, వాళ్ళ ఎంపికనీ చాలామట్టుకు తేల్చింది ఆ ప్రశ్నేనని నాకు తోచింది.

మొదట్లో అసలు ఎంపికే లేదు. ఉత్తర అమెరికా లీగులో దాదాపు అందరూ కెనడా వాళ్ళే. 1965లో ఉల్ఫ్ స్టెర్నర్ అనే స్వీడన్ యువకుడు న్యూయార్క్ జట్టుకి 4 ఆటలాడి ఇంటికి తిరిగొచ్చేశాడు. యూరప్ వాళ్ళు మెత్తని మనుషులు, మన దెబ్బలకి ఆగలేరు అనుకున్నారు కెనడా వాళ్ళు. ఆ ధీమాని 1972 సెప్టెంబరు కరిగించింది. సోవియట్ జట్టుతో 8 ఆటలు పెట్టుకుని అన్నీ మావే అనుకున్నవాళ్ళు, చివరి ఆటలో, ఇంకా 34 సెకన్లే వుందనగా కొట్టిన గోలుతో బతుకు జీవుడా అని బయటపడ్డారు. నాలుగు గెలుపులు, మూడు ఓటములు, ఒకటి సమానం. సముద్రం అవతల కూడా ఆట తెలిసినవాళ్ళున్నారని అప్పుడు తెలిసొచ్చింది.

మరుసటి ఏడే టొరంటో జట్టు బోర్యె సామింగ్‌ని తీసుకువెళ్ళింది. స్వీడన్ ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయానికి పైన, కిరూనా అనే ఇనుప గనుల ఊరు అతనిది. అయిదేళ్ళ వయసులో తండ్రి గని ప్రమాదంలో పోయాడు. అటువంటి పిల్లవాడికి కష్టం కొత్తేమిటి? ఎదటి జట్లవాళ్ళు ‘పిరికి స్వీడన్ వాళ్ళు’ అని వెక్కిరించారు, మోచేతులతో పొడిచారు, కర్రలతో బాదారు. అతను నోరెత్తకుండా ఆడాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 1976లో, టొరంటోలో కెనడాకీ స్వీడన్‌కీ పోటీ పడింది. సామింగ్ స్వీడన్ చొక్కా తొడుక్కుని, అంటే పరాయి జట్టు మనిషిగా, మంచు మీదికి వచ్చాడు. టొరంటో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అత్తవారింటి వాకిట్లో పుట్టింటి పిల్లకి జరిగినంత మర్యాద!

సామింగ్ 16 సీజన్లు టొరంటోలో, ఒకటి డెట్రాయిట్‌లో ఆడి 1990లో స్టాక్‌హోమ్‌కి తిరిగి వచ్చాడు. ఈ వాక్యం రాయడం ఎంత సులువుగా వుందో చూశారూ? ‘తిరిగి వచ్చాడు.’ స్వీడన్ వాడికి అది సులువే. ఆ రోజుల్లో యూరప్‌కి రెండో సగం కూడా వుంది. అక్కడ ఆ రెండు మాటలకి జైలు అడ్డం.

స్లొవేకియాలోని బ్రాతిస్లావాలో ముగ్గురన్నదమ్ములు - మరియాన్, పీటర్, అంటోన్ స్టాస్ట్నీలు. ఒకే క్లబ్బులో, ఒకే వరసలో ఆడేవారు. అప్పుడది కమ్యూనిస్టు చెకొస్లొవేకియా. అనుమతి లేకుండా దేశం విడిచిపోవడం చట్టరీత్యా నేరం. 1980 ఆగస్టులో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కి జట్టు పోటీలకి వెళ్ళింది. పీటర్ అక్కణ్ణించి కెనడాలోని క్విబెక్ క్లబ్బుకి ఫోన్ చేశాడు. క్లబ్బు పెద్దలు విమానం ఎక్కి వాలిపోయారు. పోటీలు ముగిసిన రాత్రి పీటర్, అతని భార్య, తమ్ముడు అంటోన్ వాళ్ళ కారెక్కి వియన్నాకీ, ఆపైన కెనడాకీ వెళ్ళిపోయారు. పీటర్ భార్యకి అప్పుడు ఎనిమిదో నెల. ఎనిమిదో నెల గర్భిణిని మనం వీధి దాటనిస్తామా? ఆవిడ పుట్టిల్లూ, అత్తిల్లూ, దేశమూ ఒక్క రాత్రిలో దాటింది - మళ్ళీ చూస్తానో లేదో తెలియకుండా.

పెద్దవాడు మరియాన్ ఆ కారెక్కలేదు. అతని భార్యా, ముగ్గురు పిల్లలూ బ్రాతిస్లావాలో వున్నారు. బస్సెక్కి వెనక్కి వెళ్ళాడు. తమ్ముళ్ళు చేసిన పనికి అతన్ని ఆట నుంచి తప్పించారు. మరుసటి ఏడు భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకుని అతనూ ఎలాగో బయటపడ్డాడు. క్విబెక్‌లో ముగ్గురూ మళ్ళీ ఒకే చొక్కా తొడుక్కున్నారు. పీటర్ మొదటి ఏడాదే కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడన్న బహుమతి గెలుచుకున్నాడు. పేరొచ్చింది, డబ్బొచ్చింది. ఇంటికి వెళ్ళే దారి మాత్రం లేదు. 1989 చివర్లో ఆ ప్రభుత్వం కూలాకే ఆ దారి తెరుచుకుంది. 1994 ఒలింపిక్స్‌లో, అప్పుడే పుట్టిన స్లొవేకియా దేశపు జెండా పట్టుకుని అందరికన్నా ముందు నడిచింది పీటర్ స్టాస్ట్నీయే. ఒక రాత్రి దొంగలా దాటిన గడపకి పద్నాలుగేళ్ళ తర్వాత జెండాతో తిరిగి రావడం అంటే ఏమిటో ఆ మనిషికే తెలియాలి.

ఇక రష్యా సంగతి. సోవియట్ కాలంలో మేటి ఆటగాళ్ళందరూ మాస్కోలోని సైన్యం క్లబ్బు, సి.ఎస్.కె.ఎ.కి చేరేవారు. పేరుకి సైన్యంలో అధికారులు. కోచ్ విక్టర్ తిఖొనొవ్ వాళ్ళని ఏడాదిలో పది పదకొండు నెలలు శిబిరంలోనే వుంచేవాడు. పెళ్ళయినవాడైనా సరే, ఇంటికి వెళ్ళాలంటే అనుమతి కావాలి. ప్రపంచాన్ని గెలిచిన ఆ జట్టు భార్యలు మాస్కోలోనే వుంటూ మొగుళ్ళని టెలివిజన్‌లో చూసుకునేవారన్నమాట! 1988లో ఈగర్ లరియొనొవ్ ‘అగన్యోక్’ అనే వారపత్రికలో కోచ్‌కి బహిరంగ లేఖ రాశాడు. సోవియట్ దేశంలో ఒక ఆటగాడు అలా రాయడం అంతకుముందు కనీవినీ ఎరగరు. జట్టు నాయకుడు వ్యాచెస్లవ్ ఫెతీసొవ్‌ది ఇంకో పట్టుదల. పారిపోవడానికి సాయం చేస్తామని అమెరికా నుంచి కబురొచ్చినా ఒప్పుకోలేదు. వెళితే నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టుకుని ముందు గుమ్మంలోంచే వెళతాను అన్నాడు. క్లబ్బు తలుపులు మూసినా, ఆడనివ్వకపోయినా అదే మాట.

1989లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ పోటీలు. ఫెతీసొవ్ లేకపోతే మేమూ ఆడం అని తోటివాళ్ళు భీష్మించడంతో అతన్ని మళ్ళీ తీసుకున్నారు. సోవియట్ జట్టు బంగారు పతకం గెలిచింది. గెలిచిన కొద్ది రోజుల్లోనే ఆ జట్టులోని ఇరవయ్యేళ్ళ అలెగ్జాండర్ మొగీల్నీ స్టాక్‌హోమ్‌లోంచే మాయమై అమెరికాలోని బఫెలో జట్టులో తేలాడు. అదే వేసవిలో ఫెతీసొవ్, లరియొనొవ్, మరికొందరు పాస్‌పోర్టులు పట్టుకుని దర్జాగా వెళ్ళారు. ఒకే జట్టు, ఒకే ఏడాది. చిన్నవాడు దొడ్డితోవన, పెద్దవాళ్ళు వీధి గుమ్మంలోంచి. మరుసటి ఏడు అమెరికాకి ఆడడానికి వెళ్ళిన సెర్గెయ్ ఫెదొరొవ్ కూడా మొగీల్నీ దారే పట్టాడు. ఈ ఫెదొరొవ్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

తొంభైల్లో సోవియట్ యూనియన్ పోయింది, రూబుల్ విలువ పోయింది. అందరి చూపూ పడమటికే. ఆ దశాబ్దంలోనూ ఎంపిక లేదనే చెప్పాలి. ఒక్క సంబంధమే వుంటే ఎంపికేమిటి?

2008లో రష్యావారు పాత లీగునే తిరగరాసి కొత్త పేరు పెట్టి, అంతరిక్షానికి వెళ్ళిన గగారిన్ పేర కప్పు పెట్టి, సంచి మూతి విప్పారు. యూరప్ ఆటగాడి ఇంట్లో లెక్కల కాగితం అప్పుడే మొదటిసారి బల్ల మీదికి వచ్చింది. ఆ లెక్క మనమూ వేసి చూద్దాం.

అమెరికా వైపు ఆట మేలిరకం. స్టాన్లీ కప్పు మీద పేరు చెక్కించుకోవాలన్న కల ప్రతి పిల్లవాడిదీను. మొదటి వరస ఆటగాడికి అక్కడి జీతంతో ఎవరూ తూగలేరు. చిక్కంతా మధ్యరకం వాడితోనే. పెద్ద జట్టుకి కొత్తగా ఎంపికైన కుర్రాడికి రెండు జీతాల కాగితం రాయిస్తారు. 2013 తర్వాత కొన్నేళ్ళపాటు ఆ ఒప్పందాల్లో పెద్ద లీగులో ఆడితే ఏడాదికి 9 లక్షల 25 వేల డాలర్ల దాకా వుండేది. ‘ఇంకా పదును పెట్టుకో’ అని కింది లీగుకి దింపితే 70 వేల డాలర్ల దాకా. కింది లీగంటే చిన్న ఊళ్ళు, రాత్రి బస్సు ప్రయాణాలు, ఎప్పుడు పిలుపొస్తుందా అని ఫోన్ వంక చూడడం. పైగా పన్నులు.

రష్యా వైపు 2001 నుంచి 2020 దాకా, అక్కడ సగం ఏడాదికి పైగా వున్నవాడికి పన్ను నూటికి 13 మాత్రమే. మంచు మైదానం కూడా మొదటి ఏళ్ళలో చాలాచోట్ల యూరప్ తీరున వెడల్పుగా వుండేది - 30 మీటర్లు; అమెరికాలో 26. నాలుగు మీటర్లేగా అనకండి. గుద్దులాట కన్నా జారుడు నేర్పు మీద బతికే ఆటగాడికి ఆ నాలుగు మీటర్లే ప్రాణవాయువు. అక్కడ అతను జట్టుకి దొర. ఇక్కడ నాలుగో వరసలో నౌకరు. ఇంకోటి, నేషనల్ హాకీ లీగు తన ఆటగాళ్ళని 2018 ఒలింపిక్స్‌కి పంపలేదు. 2022లోనూ వాళ్ళు వెళ్ళలేదు. రష్యా లీగు పంపింది. దేశం చొక్కా తొడుక్కోవాలని వున్నవాడికి అదెంత మాట!

మరి రష్యావైపు లోటు లేదా అంటే, వుంది. కొన్ని క్లబ్బుల్లో జీతాలు నెలల తరబడి ఆగేవి. మ్యాచికి ముందు రాత్రి ఆటగాళ్ళని విడిదిలోనే పడుకోబెట్టే పాత శిబిరం అలవాటు చాలాచోట్ల పోలేదు. మాస్కోకీ వ్లాదివొస్తోక్‌కీ గడియారం ఏడు గంటలు తేడా. ఒక జట్టు మీద ఆడడానికి ఖండం దాటాలి. ఆ రాత్రుళ్ళు భాష రాని ఊళ్ళో, బయట మంచు కురుస్తుంటే, జ్వరం వచ్చిన బిడ్డని పెట్టుకుని కూర్చునేది ఎవరు? లెక్కల కాగితంలో ఆ పద్దు ఎక్కడా కనపడదు. అందుకే చాలామంది భార్యాబిడ్డల్ని సొంత ఊళ్ళోనే వుంచి తాము మాత్రం వెళ్ళేవారు. ఆ మాటకొస్తే స్వీడన్, ఫిన్‌లాండ్‌ల నుంచి రష్యా పడమటి ఊళ్ళు దగ్గరే. 2010 చివర్లో వేసిన కొత్త రైలు హెల్సింకీ నుంచి పీటర్స్‌బర్గ్‌కి మూడున్నర గంటల్లో చేర్చేది. అమెరికా అయితే మధ్యన మహాసముద్రం.

ఈ లెక్కలో పగ ఎటు పోయిందని అడుగుతారేమో. యారొమిర్ యాగర్ సంగతి వినండి. చెక్ దేశపు మహా ఆటగాడు. వీపు మీద 68 అంకె వేసుకునేవాడు. 1968లో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చిన ఏడాదిని మరిచిపోకూడదని. అలాంటివాడు 2008లో న్యూయార్క్ వదిలి రష్యాలోని ఓమ్స్క్‌కి వెళ్ళి మూడేళ్ళు ఆడాడు, అదే 68 వేసుకుని. సైబీరియా జనం ఆ అంకెకే జేజేలు కొట్టారు. నాకిది అవకాశవాదంగా తోచదు. తలుపు రెండువైపులా తెరుచుకుంటున్నప్పుడు మనిషి గాయాన్ని వీపు మీద వుంచుకుని కూడా పొరుగింటికి వెళ్ళగలడు. మూడేళ్ళయ్యాక అతను మళ్ళీ అమెరికా వెళ్ళాడు కూడా.

కొందరికి ఆ తిరుగు ప్రయాణం లేకపోయింది. స్టెఫాన్ లీవ్ అని స్వీడన్ గోల్‌కీపర్. పోలెండ్‌లో పుట్టి, పసితనంలో స్వీడన్ దంపతులకి పెంపుడు కొడుకుగా వచ్చాడు. 2006 ఫిబ్రవరిలో ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన జట్టులో వున్నాడు. అదే ఏడు ఎంతో ఆశతో అమెరికా వెళితే పెద్ద లీగు మంచు మీద ఒక్క ఆట దక్కలేదు. ఏడాదంతా కింది లీగుల్లోనే గడిచింది. స్వదేశం తిరిగొచ్చి మళ్ళీ నిలదొక్కుకుని, తర్వాత రష్యాకి వెళ్ళాడు. 2011లో యరొస్లావ్ల్ జట్టు లొకొమొతీవ్‌లో చేరాడు. సెప్టెంబరు 7న సీజన్ మొదటి ఆటకి మిన్స్క్ బయల్దేరిన జట్టు విమానం రన్‌వే దాటి లేస్తూనే కూలిపోయింది. 45 మందిలో మిగిలింది విమాన సిబ్బందిలో ఒకరు. పోయినవాళ్ళలో లీవ్‌తోపాటు స్లొవేకియా పావొల్ దెమిత్రా, చెక్ ఆటగాళ్ళు ముగ్గురు, లాత్వియా, జర్మనీ, బెలారస్ వాళ్ళు, కెనడా కోచ్. పైలట్లు పరుగు మధ్యలో పొరపాటున బ్రేకు తొక్కి వుంచారనీ, వాళ్ళ శిక్షణ కాగితాలు కూడా సరైనవి కావనీ దర్యాప్తు చెప్పింది. రెండు సంబంధాల్లో ఎటు మంచిదని బేరీజు వేసేటప్పుడు విమానం బ్రేకుల గురించి ఎవరడుగుతారు? ఎంతమంది ఇల్లాళ్ళు ఆ మధ్యాహ్నం వేర్వేరు దేశాల్లో, వేర్వేరు భాషల్లో ఒకే కబురు విన్నారో తలచుకుంటే చేయి కదలదు.

2014లో హెల్సింకీ క్లబ్బు యోకెరిత్ ఏకంగా రష్యా లీగులోనే చేరింది. ఇంకేం, ఇల్లరికం లాంటిదే! ఫిన్‌లాండ్ ఆటగాడు సొంత ఇంట్లో పడుకుని, పిల్లల్ని సొంత బడికి పంపి, రష్యా లీగులో ఆడచ్చు. ఎనిమిదేళ్ళు సాగింది. 2022 ఫిబ్రవరి 20న బీజింగ్‌లో ఫిన్‌లాండ్ తన చరిత్రలో మొట్టమొదటి హాకీ ఒలింపిక్ బంగారం గెలిచింది. ఎదటివాళ్ళు రష్యన్లే. గెలుపు గోలు కొట్టినవాడు యోకెరిత్ ఆటగాడు హన్నెస్ బ్యోర్నినెన్. సరిగ్గా నాలుగు రోజులకి, ఫిబ్రవరి 24న, రష్యా సైన్యం యుక్రెయిన్ మీదికి వెళ్ళింది. మర్నాడే యోకెరిత్ లీగు నుంచి తప్పుకుంది. తర్వాత లాత్వియా క్లబ్బు దీనమొ రీగా. మార్చి నెలాఖరుకి ఆ మూడున్నర గంటల రైలు కూడా ఆగిపోయింది. రష్యా, బెలారస్ జట్లని అంతర్జాతీయ సమాఖ్య వెలివేసింది. స్వీడన్, ఫిన్‌లాండ్ హాకీ సంఘాలు ఇంకో మాట కూడా అన్నాయి - రష్యా లీగులో ఆడేవాడికి మా జాతీయ జట్టులో చోటు లేదు.

చూశారా ఎలా తిరిగిందో! 1980లో పడమటికి వెళ్ళినవాడికి పుట్టింటి తలుపు మూసుకుంది. 2022లో తూర్పుకి వెళ్ళినవాడికి మూసుకుంది. మూసినవాళ్ళ న్యాయం ఒకటి కాదు. మొదటిసారి మూసింది జనాన్ని బంధించిన ప్రభుత్వం; రెండోసారి, పొరుగుదేశం మీద దాడిని చూస్తూ ఊరుకోలేనివాళ్ళు. ఆ తేడా మరవకూడదు. అయితే గడప మీద నిలబడ్డ ముప్ఫయ్యేళ్ళ ఆటగాడికి, ఇంటి అప్పూ చిన్నపిల్లలూ వున్నవాడికి, తలుపు చప్పుడు ఒకేలా వినిపిస్తుంది. కొందరు ఒప్పందాలు రద్దు చేసుకుని వచ్చేశారు. కొందరు వుండిపోయారు.

ఫెదొరొవ్‌ని గుర్తుపెట్టుకోమన్నాను కదూ? 1990లో సైన్యం క్లబ్బు నుంచి పారిపోయిన ఆ కుర్రాడు అమెరికాలో మూడు స్టాన్లీ కప్పులు గెలిచి, 2009లో రష్యాకి తిరిగొచ్చి, 2021లో సాక్షాత్తు అదే సైన్యం క్లబ్బుకి పెద్ద కోచ్ అయ్యాడు. రెండేళ్ళు వరసగా గగారిన్ కప్పు గెలిపించాడు. మూసిన తలుపులు ఎల్లకాలం మూసి వుండవనడానికి అతనే సాక్షి. కాకపోతే ఆ మధ్యలో ఒక మనిషి యవ్వనం గడిచిపోతుంది.

సామింగ్ ఆఖరి ప్రయాణం కూడా 2022లోనే. కండరాలన్నీ చచ్చుబడే వ్యాధి వచ్చింది, మాట పోయింది. ఆ నవంబరులో స్వీడన్ నుంచి విమానమెక్కి టొరంటోకి వచ్చాడు. పాత స్నేహితుడు డారిల్ సిట్లర్, అతని తర్వాత అదే జట్టుని నడిపిన స్వీడన్ వాడు మాట్స్ సుందిన్ చెరోపక్కన నిలబడి పట్టుకున్నారు. సిట్లర్ కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయాడు. మర్నాటి ఆటలో టొరంటో తన జట్టులోని స్వీడన్ కుర్రాళ్ళనే ముందుగా మంచు మీదికి దింపింది. జనం 1976లో లాగానే లేచి నిలబడ్డారు. అక్కడ చూసుకోవలసినవాళ్ళని చూసుకుని సామింగ్ స్వీడన్ తిరిగి వచ్చాడు. 24వ తేదీన కన్నుమూశాడు.